పాశర్లపూడి మంట, మా తాతయ్య వాదన

మా ఊళ్లో రాత్రి పూర్తిగా చీకటి పడేది కాదు. కొబ్బరితోటల తలల మీద, తాటిపాక వైపు, నారింజ రంగు వెలుగు ఒకటి ఎప్పుడూ ఊగుతూ ఉండేది. బావుల నుంచి వచ్చిన గ్యాసులో వాడుకోవడానికి వీలు పడనిదాన్ని ఎత్తయిన గొట్టం చివర మండించేసేవారు. దానికి మేం పెట్టుకున్న పేరు ‘మంట’, అంతే. “ఇవాళ మంట పెద్దగా ఉంది”, “మబ్బేసింది, మంట ఆకాశమంతా కొడుతోంది” అని పెద్దవాళ్లు గాలీ వానా సంగతులతో కలిపే చెప్పుకునేవారు. వైనతేయకీ వశిష్ఠకీ మధ్య, 1980ల చివర్లో పెరిగిన పిల్లలం మేం. అమావాస్య అంటే కళ్లు పొడుచుకున్నా కనిపించని చీకటి అని పుస్తకంలో చదివాం గానీ, మా పెరట్లో అమావాస్యనాడు కూడా గిలక బావి పళ్లెం కనిపించేది.

ఆ మంట వెలుగులోనే మా అమ్మ కొబ్బరి డొక్కలూ ఎండు మట్టలూ పొయ్యిలో పెట్టి ఊదేది. వానాకాలం మట్టలు తడిసిపోతే పొగకి కళ్లు వాచిపోయేవి. మా కాళ్లకింద నుంచి వెళ్లిన గ్యాసు విజ్జేశ్వరంలో కరెంటయింది, కాకినాడలో యూరియా అయింది, తర్వాత జేగురుపాడులో ప్రైవేటు కంపెనీ కట్టిన కరెంటు ఫ్యాక్టరీకీ పోయింది. దేశానికి కావలసినవే అవన్నీ, కాదనను. కానీ మా అమ్మ ఊదుగొట్టం పక్కన పెట్టింది నేను కాలేజీకి వెళ్లాక. చమురూ గ్యాసూ ఎవరు తియ్యాలి, ప్రభుత్వమా ప్రైవేటు కంపెనీలా అన్న మాట ఎక్కడ వినపడినా నాకు ముందు ఆ ఊదుగొట్టం గుర్తొస్తుంది. తీసేది ఎవరన్నది ఒక ప్రశ్న. తీసినదాంట్లో మాకేమిటని అడగడానికి ఎవరున్నారన్నది దాని వెనకాలే ఉండే ప్రశ్న. రెండింటినీ విడదీసి మాట్లాడటం నాకు చాతకాదు. ఎందుకంటే మా ఇంటి అరుగు మీద అవి ఎప్పుడూ కలిసే ఉండేవి.

ముందు సర్వేవాళ్లు వచ్చేవారు. దాళ్వా కోతలయ్యాక, చేలు ఎండి నెరలు విచ్చినప్పుడు, లారీల్లో దిగేవారు. గట్ల వెంబడి తిన్నగా వైర్లు పరిచి, వాటికి వరసగా చిన్న చిన్న మేకుల్లాంటివి గుచ్చేవారు. దూరంగా సన్నటి బోరు దింపి, అడుగున మందు పెట్టి పేల్చేవారు. నేల లోపల్నుంచి ‘ధుబ్’మని ఒక్క చప్పుడు, కాళ్లకి చిన్న అదురు. ఆ అదురు లోపలి రాతిపొరల మీద తగిలి వెనక్కి వస్తుందనీ, ఏ పొర నుంచి ఎంతసేపటికి వచ్చిందో ఆ మేకులు పట్టుకుంటాయనీ, దాన్నిబట్టి లోపల ఎక్కడ ఏ పొర వంగి గ్యాసుని పట్టి ఉంచిందో లెక్క కడతారనీ నాకు చాలా తర్వాత తెలిసింది. అప్పుడు మాకు కావలసింది వాళ్లు వదిలేసి వెళ్లే వైరు ముక్కలే. ఎర్రవీ పసుప్పచ్చవీ ఏరుకొచ్చి గాజులూ బుట్టలూ అల్లేవాళ్లం. మా బళ్లో ఆడపిల్లల చేతులన్నిటికీ సర్వే గాజులే.

తర్వాత రిగ్గు. వరిచేను మధ్యలో రాయీ మట్టీ పోసి మెరక చేసి, దాని మీద ఇనుప గోపురం నిలబెట్టేవారు. రాత్రీ పగలూ ఆగేది కాదు. కింది నుంచి పైదాకా దీపాలు. కాలవ గట్టున కూర్చుంటే నీళ్లలో ఇంకో రిగ్గు తలకిందులుగా వెలుగుతూ ఉండేది. ఊళ్లో కుర్రాళ్లు కొంతమంది అక్కడ కాపలా పనికీ మోత పనికీ కుదిరారు. నెత్తిన పసుపుపచ్చ టోపీ పెట్టుకుని సైకిలు మీద తిరిగితే వాళ్ల హోదానే వేరు.

ఆ రోజుల్లో మా మేడగదిలో అస్సాం నుంచి వచ్చిన ఇంజనీరు ఒకాయన అద్దెకుండేవాడు. రెండు వారాలు రిగ్గు మీద, రెండు వారాలు సెలవు. వానాకాలంలో పులసలు ఎక్కే రోజులొస్తే మాత్రం సెలవుకి కూడా ఇంటికి పోయేవాడు కాదు. వాళ్ల దగ్గర ఆ చేపని ఇలిష్ అంటారట, అమ్మ పెట్టిన పులుసు తిని చాలాసేపు మాట్లాడకుండా కూర్చునేవాడు. తెలుగు ముక్కలూ హిందీ ముక్కలూ కలిపి మాట్లాడేవాడు. మా తాతయ్య రిటైరైన బడిపంతులు, ఇంగ్లీషు పేపరు కూడబలుక్కుని చదివే మనిషి. ఇద్దరికీ భలే కుదిరింది.

బావిలో బురద ఎందుకు పోస్తారో నాకు చెప్పినవాడు ఆయనే. బరమా నేలని తొలుచుకుంటూ దిగుతుంటే, గొట్టం లోపల్నుంచి చిక్కటి బురదని కిందికి తోస్తారు. అది బరమాని చల్లబరుస్తుంది, తొలిచిన రాతి పొడిని పైకి మోసుకొస్తుంది. అన్నిటికన్నా ముఖ్యం, దాని బరువు. రెండు మూడు కిలోమీటర్ల లోతున గ్యాసు బలంగా పైకి తన్నుతూ ఉంటుంది. పైన నిలబడ్డ బురద స్తంభం బరువు ఆ తోపుడు కన్నా కాస్త ఎక్కువుండాలి. మరీ ఎక్కువైతే రాయి పగిలి బురద లోపలికి ఇంకిపోతుంది. తక్కువైతే గ్యాసు బురదని ఎగదన్ని బయటికొస్తుంది. అందుకని బురదలో బెరైటు పొడి కలిపి బరువు సరిచూస్తూ ఉంటారు. “ఆ పొడి మీ కడప జిల్లాదే, మంగంపేట నుంచి వస్తుంది” అన్నాడొకసారి. తాతయ్య మొహం వెలిగిపోయింది. మంగంపేట గనులు రాష్ట్ర ప్రభుత్వ సంస్థ చేతిలో ఉన్నాయని ఆయనకి తెలుసు. మన రాయి బరువుతో మన గ్యాసుని మన మనుషులు అదుపు చేస్తున్నారన్న సంగతి ఆయన చాలా రోజులు అందరికీ చెప్పాడు.

ఆ ఇంజనీరు సొంతూరు దిగ్బోయి దగ్గర. 1889లో అక్కడ చమురు పడింది, 1901లో రిఫైనరీ లేచింది. తెల్లవాళ్ల కంపెనీ ఊరు అది. దొరల బంగళాలూ, గోల్ఫ్ మైదానమూ ఒక పక్క, కూలీల లైన్లు ఒక పక్క. 1939లో కూలీలు సమ్మె కడితే కాల్పులు జరిగాయి, మనుషులు పోయారు. “మా నేల చమురు, మాకే తుపాకీ” అన్నాడాయన. ఆ మాట అన్నప్పుడు మా ఇద్దరి వైపూ చూడలేదు, కాలవ వైపు చూశాడు. తాతయ్య ఆ రాత్రి పేపరు చదవలేదు.

అరుగు మీద వాదన పెట్టుకునేది మా పెద్ద మావయ్యతో. అమ్మకి అన్న. అంబాజీపేట మార్కెట్‌కి కాయ తోలే వ్యాపారం, తొమ్మిది ఎకరాల వరి. ఆయన చేలో ఎకరం పైన రిగ్గు సైటుకీ రోడ్డుకీ పోయింది. పరిహారం కోసం తిరుగుతూ తిరుగుతూ దారిలో మా ఇంట్లో ఆగి మజ్జిగ తాగేవాడు.

“బాబయ్యగారూ, సర్కారు పనంటే సంతకాల పనండి. రెండు సార్వాలు పోయాయి, నా కాగితం ఇంకా ఒక బల్ల మీంచి ఇంకో బల్ల మీదికి ఎక్కలేదు. ప్రైవేటోడైతే సాయంత్రానికి లెక్క తేల్చేస్తాడండి, ఆయ్.”

“తేలుస్తాడు. ఏం లెక్కో నీకు చూపిస్తాడా?”

“చూపించకపోతే మానె. చేతిలో పెడితే చాలండి.”

“నీ చేతిలో పెట్టేది పైరు డబ్బులబ్బాయ్. నీ చేలో పంట నీది. ఆ కింద మూడు కిలోమీటర్ల లోతున ఉన్నది నీదీ కాదు నాదీ కాదు. దానికి బేరమాడే హక్కు నీకూ లేదు, వాడికీ లేదు.”

తాతయ్యకి ఈ పట్టుదల ఊరికే రాలేదు. స్వాతంత్ర్యం వచ్చిన కొత్తల్లో ఈ దేశంలో చమురమ్మేది బర్మా షెల్, స్టాన్‌వాక్, కాల్టెక్స్. అస్సాం దాటి ఇండియాలో చమురు దొరుకుతుందన్న ఆశ విదేశీ కంపెనీలకి పెద్దగా లేదు. అప్పటి కేంద్ర మంత్రి కేశవదేవ్ మాలవీయ రష్యా నిపుణుల్ని పిలిపించి, 1956లో ప్రభుత్వ చమురు సంస్థ ఓఎన్‌జీసీని నిలబెట్టాడు. 1958లో గుజరాత్‌లో కాంబే దగ్గర, 1960లో అంకలేశ్వర్‌లో చమురు పడింది. అంకలేశ్వర్ బావికి నెహ్రూ ‘వసుధార’ అని పేరు పెట్టాడు. అదే ఏడు రష్యా నుంచి చవగ్గా వచ్చే ముడిచమురుని ఇక్కడి రిఫైనరీల్లో శుద్ధి చెయ్యమంటే విదేశీ కంపెనీలు కుదరదన్నాయి. మన నేల మీద కట్టిన ఫ్యాక్టరీలో మన ప్రభుత్వం మాట చెల్లలేదు. 1974లో సాగర్ సమ్రాట్ ఓడ బొంబాయి సముద్రంలో చమురు పట్టింది. 1976లో విశాఖపట్నం కాల్టెక్స్ రిఫైనరీ ప్రభుత్వం చేతికి వచ్చింది. ఇవన్నీ తాతయ్య తేదీలతో సహా చెప్పేవాడు, పిల్లలకి ఎక్కాలు చెప్పించిన గొంతుతోనే.

“వాళ్లు లేదన్న చోట మనం తవ్వి చూశాం. లాభం చూసుకునేవాడు తవ్వడు, అవసరం ఉన్నవాడు తవ్వుతాడు” అనేవాడు. గోదావరి జిల్లాల్లో తొలి బావులు తవ్వినదీ ప్రభుత్వ సంస్థే. నర్సాపురం, రాజోలు పేర్లు గ్యాసు పటంలోకి ఎక్కింది అలాగే.

అప్పుడొచ్చింది 1995 జనవరి 8. ఆదివారం. భోగి వారం రోజుల్లో ఉంది, మేం పిడకల దండలు గుచ్చుతున్నాం. నేను ఆరో తరగతి. సాయంత్రం మంట ఉండాల్సిన చోట కాక, ఇంకాస్త పక్కగా, ఆకాశం లేచి నిలబడింది. పాశర్లపూడిలో తవ్వుతున్న బావి అదుపు తప్పి అంటుకుంది. బురద బరువు గురించి ఆ ఇంజనీరు చెప్పింది నాకు చప్పున అర్థమయింది: లోపలిది గెలిచింది.

ఆ చప్పుడు గురించి చెప్పాలి. చూసినవాళ్లు మంట గురించే చెబుతారు. మాకు చప్పుడే ఎక్కువ. ఆగని ఒకే ఒక్క హోరు. మొదటి రెండ్రోజులు భయం, తర్వాత తలనొప్పి, తర్వాత అది లేకుండా మాట్లాడుకోవడం ఎలా ఉండేదో మర్చిపోయాం. బళ్లో మాస్టారు గొంతు చించుకునేవారు. మా అత్తయ్యా వాళ్ల ఊరు బావికి దగ్గర. ఖాళీ చెయ్యమన్నారు. అత్తయ్యా, మామయ్యా, ముసలి మామ్మగారూ, రెండు గేదెలూ, బియ్యం బస్తా మా ఇంటికొచ్చాయి. గేదెలు పాలివ్వడం తగ్గించేశాయి. రాత్రి పగలని తేడా లేక కోళ్లు వేళాపాళా లేకుండా కూసేవి. మామ్మగారు తెల్లవారిందనుకుని రాత్రి రెండింటికి లేచి కళ్లాపి చల్లేది. ఆ సంక్రాంతికి మా వీధిలో భోగిమంట వెయ్యలేదు. ఎవరూ వద్దనలేదు, ఎవరికీ చేతులు రాలేదు.

బావికి దగ్గర్లో కొబ్బరిచెట్లు నిలువునా మాడిపోయాయి. కొబ్బరిచెట్టు కోనసీమలో ఇంటికి పెద్దకొడుకన్న మాట అందరూ అంటారు. మా అత్తయ్య దాన్ని మాటగా అనలేదు, మాడిన చెట్లని పేరుపేరునా తలుచుకుంది. ‘నుయ్యి పక్క చెట్టు, పెళ్లినాటి చెట్టు, తమ్ముడు పాతిన చెట్టు’ అని.

అలాంటి మంటని ఆర్పడం నీళ్లు చల్లితే అయ్యే పని కాదు. కరిగి ముద్దయిపోయిన రిగ్గు ఇనుమునంతా ముందు లాగెయ్యాలి. మనుషుల మీద ఆగకుండా నీళ్లు కొడుతుంటే వాళ్లు బావి మూతి దాకా వెళ్లాలి. కొత్త కవాటం తెచ్చి బిగించాలి. అమెరికా నుంచి నిపుణుల్ని రప్పించారు. 65 రోజులు పట్టింది. మార్చి 15న చప్పుడు ఆగింది. చెవుల్లో ఏదో తెగినట్టయింది. మా మామ్మగారు ‘ఏమైంది, ఏమైంది’ అంటూ వీధిలోకి పరుగెత్తుకొచ్చింది.

ఆ 65 రోజులూ అరుగు మీద దీపం అక్కర్లేదు. తాతయ్యా మావయ్యా ఆ వెలుగులోనే పోట్లాడుకున్నారు.

“చూశారా బాబయ్యగారూ మీ సర్కారు పని! వాడి సొంత సొమ్ము ఇలా తగలబడుతుంటే ప్రైవేటోడు నిద్రపోతాడేటండి?”

“నిద్రపోడు. నిన్ను కూడా ఆ ఛాయలకి రానివ్వడు. ఇవాళ కలెక్టరు వచ్చాడు, మంత్రులొచ్చారు, పేపర్లోళ్లు వచ్చారు. ఎంత పోయింది, ఎందుకు పోయింది అని పార్లమెంటులో నిలదియ్యొచ్చు. మన బాలయోగి గారు ఉన్నారు, వెళ్లి అడుగుదాం పద. కంపెనీ వాడినైతే ఎవర్నడుగుతావ్? వాడి ఆఫీసు ఏ ఊళ్లో ఉందో తెలుసా నీకు?”

బాలయోగి గారు అప్పుడు అమలాపురం ఎంపీ. తాతయ్య నిజంగానే ఒక కాగితం మీద పదకొండు ప్రశ్నలు రాశాడు. అందులో ఒకటి నాకు కంఠతా ఉంది: బురద బరువు లెక్క ఆ రోజు ఎవరు చూశారు? మేడగదిలో అద్దెకున్న మనిషి నేర్పిన ప్రశ్న అది. ఆయన అప్పటికే వేరే రాష్ట్రానికి బదిలీ అయిపోయాడు. మావయ్య ఆ కాగితం చదివి, కిందని తను కూడా సంతకం పెట్టాడు. పరిహారం గురించి పన్నెండో ప్రశ్న చేర్చాడు.

ఆ ముందు ఏడాది, 1994లో, ఇంకో సంగతి జరిగింది. ఉప్పలగుప్తం మండలం ఎస్.యానాం ఎదర సముద్రంలో రవ్వ అని ఒక చమురు క్షేత్రం ఉంది. 1987లో దాన్ని కనిపెట్టింది ఓఎన్‌జీసీ. 1994 అక్టోబరులో దాని నిర్వహణని విదేశీ, స్వదేశీ ప్రైవేటు కంపెనీల కూటమికి 25 ఏళ్ల ఒప్పందం మీద ఇచ్చారు. ఓఎన్‌జీసీకి మిగిలింది 40 శాతం వాటా. తర్వాత కెయిర్న్ కంపెనీ దాన్ని నడిపింది. త్వరగా తీశారు, బాగా తీశారు. నిపుణత లేదని నేననను. తాతయ్య బాధ వేరే. వెతకడంలో ఉన్న నష్టభయమంతా జనం సొమ్ము భరించింది. దొరికాక పగ్గాలు చేతులు మారాయి. ఎండిన బావులు మనకి, పడిన బావి పంచుకోవడానికి. దీనికి మావయ్య దగ్గర కూడా జవాబు లేకపోయింది.

నేను చదువుకుని, కొన్నాళ్లు కాకినాడలో ఉద్యోగం చేశాక ఈ లెక్కల్లోకి స్వయంగా దిగాను. 2002లో కాకినాడకి ఎదర లోతు సముద్రంలో రిలయన్స్ పెద్ద గ్యాసు నిక్షేపం కనుక్కుంది. దాని పేరు డీ6. ఏడేళ్లు తిరక్కుండా, 2009 ఏప్రిల్లో గాడిమొగ ఒడ్డుకి గ్యాసు వచ్చింది. అంత లోతులో అంత వేగంగా పని చెయ్యడం గొప్పే. కానీ ఆ ఒప్పందం స్వరూపం చూస్తే తాతయ్య అడిగిన ‘ఏం లెక్క’ అన్న మాట గుర్తొస్తుంది. కంపెనీ ముందు తన ఖర్చులన్నీ రాబట్టుకుంటుంది, ఆ తర్వాత మిగిలిన లాభంలో ప్రభుత్వానికి వాటా. కొబ్బరితోట కౌలుకిచ్చి, ‘నీ దింపు కూలీ, ఎరువు, బండి బాడుగ అన్నీ ముందు నువ్వు తీసుకో, మిగిలింది పంచుకుందాం’ అన్నామనుకోండి. బండి బాడుగ పెరుగుతూనే ఉంటుంది. 2004లో 240 కోట్ల డాలర్లన్న అభివృద్ధి ప్రణాళిక 2006కి 880 కోట్ల డాలర్లయింది. రోజుకి 8 కోట్ల ఘనపు మీటర్లు వస్తుందన్న గ్యాసు 2010లో 6 కోట్ల చిల్లర దాకా ఎక్కి, 2013 నాటికి 2 కోట్ల లోపుకి జారింది. భూగర్భం ఎప్పుడూ మనిషి లెక్కకి లొంగదు, అది వేరే మాట. ఖర్చు పెంచుకుంటే కంపెనీకి నష్టం లేని పద్ధతి ఇదని ప్రభుత్వ లెక్కలు తనిఖీ చేసే కాగ్ 2011లో తప్పుపట్టింది. 2016లో కేంద్రం ఆ పద్ధతి మార్చి, కొత్త బ్లాకులకి రాబడిలోనే మొదట్నుంచీ వాటా తీసుకునే విధానం తెచ్చింది. అంతకు ముందే, 2010 మేలో, ఒక గ్యాసు కేసులో సుప్రీంకోర్టు, ఈ వాయువు దేశ ప్రజలది, దాని ధరా వాడకమూ నిర్ణయించాల్సింది ప్రభుత్వమని చెప్పింది. తీర్పు పేపర్లో వచ్చేసరికి తాతయ్య లేడు. ఆ పేజీ చించి ఆయన పెట్టెలో పెట్టాను.

అయితే మావయ్య వాదన ఓడిపోయిందని నేను అనను. ఆయన అన్నంత పనీ ప్రభుత్వ సంస్థలు చేశాయి. 2014 జూన్ 27 తెల్లవారుజామున నగరం గ్రామంలో గ్యాసు పైపులైను పేలి, ఇరవై మందికి పైగా కాలిపోయారు. మా చిన్నప్పుడు ఆటలాడుకోవడానికి వెళ్లిన ఊరు. టీ కాచుకోవడానికి పొయ్యి వెలిగించే వేళ. ఆ పైపు ప్రభుత్వరంగానిదే. గుజరాత్ ప్రభుత్వ సంస్థ ఒకటి మన తీరానికి ఎదరే మహా నిక్షేపం దొరికిందని 2005లో ప్రకటించి, వేల కోట్లు ఖర్చుపెట్టి, చెప్పినదాంట్లో అతి కొద్ది గ్యాసే తీసింది. చివరికి 2017లో దాని వాటాని ఓఎన్‌జీసీ సుమారు 8,000 కోట్లకి కొనాల్సి వచ్చింది. సర్కారుదయినంత మాత్రాన బావి భద్రంగా ఉండదు, లెక్క నిజం కాదు. ఇప్పుడు కొన్నిచోట్ల బావి ప్రభుత్వానిదైనా రిగ్గు అద్దెది, మనుషులు కాంట్రాక్టు వాళ్లు. ఎవరి పని ఎక్కడ ఆగి ఎవరిది ఎక్కడ మొదలవుతుందో ఊరివాడికి తెలిసే దారి లేదు.

ఇన్ని చూశాక కూడా నేను తాతయ్య వైపే. చమురూ గ్యాసూ తియ్యాల్సింది ప్రభుత్వ సంస్థే. తన మనుషులతో, తన రిగ్గులతో. 2024 జనవరి 7న కాకినాడ ఎదర లోతు సముద్రంలో ఓఎన్‌జీసీ చమురు తీయడం మొదలుపెట్టింది. అంత లోతు పని మనవాళ్లకి రాదన్న మాటకి కాలం చెల్లింది. ఆలస్యమైంది, చాలా ఆలస్యమైంది. ఆ ఆలస్యానికి కారణమెవరని అడగడానికి మనకి హక్కుంది, అక్కడే ఉంది తేడా. నార్వే 1972లో సొంత ప్రభుత్వ కంపెనీ పెట్టుకుంది. విదేశీ కంపెనీల్ని రానిస్తూనే వాటి పక్కన తన మనిషిని కూర్చోబెట్టి పని నేర్చుకుంది, వచ్చిన సొమ్ముని తర్వాతి తరాల పేర దాచింది. చమురున్న ఊరి పిల్ల ఏ దేశంలోనైనా అసూయపడాల్సింది దానికి.

మనకి దాచడం మాట అటుంచి, పంచడమే సరిగ్గా లేదు. నేల మీద తీసిన గ్యాసుకి రాయల్టీ రాష్ట్రానికి వస్తుంది. సముద్రంలో తీసినదానిది కేంద్రానికి పోతుంది. ఊరికి? 2015లో బొగ్గూ ఇనుమూ లాంటి ఖనిజాలు తవ్వే జిల్లాల కోసం జిల్లా ఖనిజ నిధి పెట్టారు, తవ్విన చోటే కొంత ఖర్చుపెట్టాలని. చమురూ గ్యాసూ ఆ చట్టం కిందికి రావు. ట్యాంకర్లు తిరిగి గుంటలు పడ్డ రోడ్డు మీద మా ఊరి పిల్లలు ఇప్పటికీ బడికెళుతున్నారు. తాటిపాకలో 2001 నుంచి చిన్న రిఫైనరీ నడుస్తోంది. ఏడాదికి 66 వేల టన్నులు. దాని గేటు ముందునుంచే ఆ రోడ్డు.

కొన్నేళ్ల కిందట మా పక్క మండలంలో కొత్త బావుల కోసం ప్రజాభిప్రాయ సేకరణ పెట్టారు. షామియానా, ప్లాస్టిక్ కుర్చీలు, కలెక్టరాఫీసు వాళ్లు. నేను తాతయ్య కాగితం నకలు పట్టుకుని వెళ్లాను. నా కన్నా ముందు ఒక ముసలామె లేచింది. కౌలు రైతు భార్య.

“బాబూ, ఈ బావి పాతికేళ్లు నడుత్తాదన్నారు. గ్యాసయిపోయాక మూసేత్తారన్నారు. ఆ సిమెంటు బీటలిత్తే నా మనవడు ఎవరి కాడికెళ్లాల? పేరు రాసివ్వండి.”

అధికారి రాసుకున్నాడు. కాగితం మీద పెట్టాడు, నా కళ్లతో చూశాను. ఒప్పందం అయిపోగానే వెళ్లిపోయే కంపెనీ ఆమెకి ఇవ్వగలిగిన పేరు ఏదీ లేదు. ప్రభుత్వానికి ఉంది. దాని అడ్రసు మారదు. నేను ప్రభుత్వమే తవ్వాలనడానికి ఇంతకన్నా పెద్ద కారణం లేదు.

అన్వేషణ దశలో ఇలాంటి సభని తీసేశారు. 2020 జనవరిలో కేంద్ర పర్యావరణ శాఖ, చమురు గ్యాసు అన్వేషణ బావులకి ప్రజాభిప్రాయ సేకరణ అక్కర్లేకుండా నిబంధన మార్చింది. ప్రభుత్వ సంస్థకీ ప్రైవేటు కంపెనీకీ ఒకటే వెసులుబాటు. అంటే తాతయ్య వాదన నిలబడే గుంజనే పీకేశారు. ఇక ఎవరు తవ్వితేనేం అని మావయ్య కొడుకు నాతో అన్నాడు. అలా అనుకుని ఊరుకోవడానికి నేను ఒప్పుకోను. ఆ నిబంధన వెనక్కి తీసుకోమనీ, బావి తవ్వే ప్రతి ఊళ్లోనూ గ్రామసభ పెట్టి బురద లెక్క దగ్గర్నుంచి మూత సిమెంటు దాకా అడిగింది చెప్పమనీ, గ్యాసు రాయల్టీలో తవ్విన పంచాయతీకి వాటా రాయమనీ మా గ్రామసభలో తీర్మానం చేశాం. మావయ్య కొడుకే దాన్ని చదివాడు. ఆ ముసలామె మనవడికి ఇప్పుడు పద్దెనిమిది నిండాయి, మూడో సంతకం అతనిది. పైకి పంపాం. జవాబు రాకపోతే వచ్చే సభలో మళ్లీ పెడతాం, ఈసారి నగరం పంచాయతీ వాళ్లు కూడా కలుస్తామన్నారు.